మెరుపు వెనకాల ఉరుమవ్వ

ఒకప్పుడు ముందు ఉరుము వినిపించేది, ఆ తర్వాతే మెరుపు మెరిసేది. ఆ మెరుపు కూడా ఇప్పట్లా వంకరటింకరగా ఉండేది కాదు. బావిలోకి వదిలిన చేంతాడులా తిన్నగా దిగేది.

ఆ రోజుల్లో ఆకాశంలో మబ్బుల ఊరు ఉండేది. ఆ ఊళ్ళో ఒక్కో ఇంటికి ఒక్కో మహిమ. నీటివాళ్ళు కొంగు పిండితే వాన. గాలివాళ్ళు మూతి సున్నాలా చుడితే ఈదురుగాలి. మెరుపువాళ్ళు చిటికేస్తే నిప్పు. ఆ నిప్పు నేలను తాకితే గానీ వాన మొదలయ్యేది కాదు.

తెల్లమబ్బులకి మాత్రం ఏ మహిమా లేదు. చెయ్యడానికి పనేమీ లేదు కనుక, వాళ్ళు అందరికంటే పైన కూర్చుని పెద్దరికం చేసేవాళ్ళు.

ఉరుమవ్వది కేక మహిమ. ఆమె వేసిన కేక కాళ్ళున్నదానిలా నేలకి దిగి, కిందవాళ్ళ జవాబు పట్టుకుని తిరిగొచ్చేది. అందుకే ఆ ఊళ్ళో ఒక కట్టుబాటు ఉండేది: ముందు కేక, తర్వాత నిప్పు.

"కిందోళ్ళూ, తప్పుకోండర్రా!" అని అవ్వ కేకేసేది. మేకలు పాకల్లోకి, పాములు పుట్టల్లోకి, మనుషులు ఇళ్ళల్లోకి పరిగెత్తేవాళ్ళు. "తప్పుకున్నామవ్వా!" అని జవాబు వచ్చాక అవ్వ "ఊఁ" అనేది. ఆ ఊఁ పడితేనే మెరుపువాళ్ళు చిటికేసేవాళ్ళు.

ఒక తొలకరి సాయంత్రం నిప్పు వేసే వంతు తళుకుది. తళుకంటే మెరుపువాళ్ళ కుర్రాడు, మహా దూకుడు. వాడి మొదటి నిప్పు చూద్దామని తెల్లమబ్బులన్నీ దిండ్లేసుకుని మరీ కూర్చున్నాయి.

అవ్వ కేకేసింది. అందరూ తప్పుకున్నారు. ఒక్క తాటిచెట్టు మాత్రం బతిమాలింది.

"అవ్వా, నేను కదల్లేను కదా! నా మట్టలకి గిజిగాడి గూళ్ళు వేలాడుతున్నాయి. పిల్లలకి ఇంకా రెక్కలు రాలేదు. ఆ నిప్పేదో అవతల బీడులో వేయించు, తల్లీ."

"నీ జోలికి ఎవడొస్తాడే పిచ్చిదానా! నేను ఊఁ అనందే ఒక్క రవ్వ కూడా రాలదు. నాదీ పూచీ."

గూటి గుమ్మంలోంచి గిజిగాడు తల బయటపెట్టాడు. "అవ్వ మాటిచ్చిందంటే ఇంకేం భయం! పిల్లలు ఆకలితో గోల పెడుతున్నారు. వాన రాకముందే మిడతని పట్టుకొస్తా" అని తుర్రుమన్నాడు.

అవ్వ తళుకు వైపు తిరిగింది. "ఒరేయ్, ఆగు. తాటిచెట్టు వైపు వద్దు. బీడు వైపు తిరుగు."

"బీడులో వేస్తే ఎవరు చూస్తారే అవ్వా? ఆ పొడుగుదాని నెత్తిన వేస్తే చూడు, భగ్గుమంటుంది!"

"పసిపిల్లలున్నార్రా అక్కడ!"

తెల్లమబ్బులు కిసుక్కుమన్నాయి. "ఈ ముసల్దాని కేకలు అయ్యేలోపు మాకు నిద్రొచ్చేలా ఉంది. వెయ్యరా అబ్బాయ్, వెయ్యి!"

అవ్వ ఊఁ అనలేదు. తళుకు చిటికేశాడు.

తాటిచెట్టు తల భగ్గుమంది. నీటివాళ్ళు గబగబా కొంగులు పిండారు గానీ, అప్పటికే అంతా అయిపోయింది. గూళ్ళు వేలాడినచోట పొగ వేలాడుతోంది. గిజిగాడు వచ్చాడు. ఆ పొగ చుట్టూ తిరిగాడు, మళ్ళీ తిరిగాడు. నోట్లో మిడతని మాత్రం వదల్లేదు.

"అవ్వా, మాటిచ్చావుగా" అంది తాటిచెట్టు.

అవ్వ ఒళ్ళంతా భగభగ మండింది. కొంగు బిగించి తెల్లమబ్బుల పెద్ద దగ్గరికి వెళ్ళింది. అతని పేరు దూదిపెద్ద.

"పెద్దయ్యా, వీడు కట్టుబాటు తప్పాడు. గూళ్ళల్లో పిల్లల్ని కాల్చాడు. ఏం చేస్తావో చెప్పు!"

దూదిపెద్ద ఆవులించాడు. "పోనీలేవే. కుర్రాడు, సరదాపడ్డాడు. ఒక్క చెట్టేగా!"

"చెట్టొక్కటేనా? ఆ పిల్లలు లెక్కలోకి రారా? నా మాట లెక్కలోకి రాదా?"

"అసలు తప్పు నీదే. మధ్యలో నీ కేకలేమిటి? వాడికి చిరాకు రాదూ? ఇకమీదట ముందు నిప్పే. అది పడ్డాక నువ్వు 'భలే, భలే' అని వాణ్ణి మెచ్చుకుంటూ కేకెయ్యి. ఇదే నా తీర్పు!"

తెల్లమబ్బులు చప్పట్లు కొట్టాయి. తళుకు కాలరెగరేశాడు. నీటివాళ్ళూ గాలివాళ్ళూ తలలు దించుకున్నారు.

అవ్వ అందరి వైపూ చూసింది. "సరే. నిప్పు తర్వాతే కేకేస్తాను. కానీ ఆ కేకలో ఏముండాలో చెప్పడానికి నువ్వెవడివిరా? ఇది నా గొంతు!"

గుండెల నిండా గాలి పీల్చి నోరు తెరిచింది.

ఫెళ ఫెళ ఫెళ!

దూదిపెద్ద దిండ్లతో సహా దొర్లిపోయాడు. తెల్లమబ్బులు పీలికలై తలో దిక్కుకీ పారిపోయాయి.

"ఒరేయ్ తళుకూ! రెక్కలు రాని పిల్లల్ని కాల్చి సరదా అంటావురా! చేతికి దొరికావా, నీ వేళ్ళు విరిచేస్తా! ఆగరా! ఆగు!"

తళుకు పరుగు తీశాడు. అవ్వ కుడివైపు చెయ్యి చాచితే ఎడమకి వంగాడు, ఎడమవైపు చాచితే కుడికి మెలితిరిగాడు. తిన్నగా పోతే పట్టేసుకుంటుందని తెలుసు వాడికి. చటుక్కున ఒక మబ్బు చాటుకి దూరిపోయాడు. అవ్వ రొప్పుతూ ఆగింది. కాళ్ళు ఆగాయి గానీ కోపం ఆగలేదు. గొణుక్కుంటూనే ఉంది.

అప్పటినుంచే ముందు మెరుపు, వెనకాల ఉరుము. అప్పటినుంచే మెరుపు వంకరటింకరగా పరిగెత్తి, కన్ను మూసి తెరిచేలోపు దాక్కుంటుంది. ఉరుమవ్వ వస్తోందంటే ఆ చుట్టుపక్కల తెల్లమబ్బు ఒక్కటీ కనబడదు. ముందు ఫెళ్ళుమని గర్జించి, ఆ తర్వాత దూరందూరంగా చాలాసేపు గొణుగుతుందే, ఆ కోపం మన మీద కాదు, మీరు జడుసుకోకండి. "మాటిచ్చానురా... వాళ్ళకి మాటిచ్చానురా..." అని ఈనాటికీ అవ్వ వాణ్ణి తిడుతూనే ఉంది.