పిడుగుగారి తోట ఉత్సవం

ఒకానొక రాజ్యంలో ముసలితనానికి ప్రవేశం లేదు నాయనా! రాజు రణధీర భూపతి పట్టుదల అది. రోజూ పొద్దున్నే ఆయన మీసానికి కాటుక కలిపిన నూనె పట్టించేవారు. పొరపాటున తెల్లవెంట్రుక కనిపించిందా, మంగలికి చూపు చెడిందన్నమాట.

ఆ రాజుగారికి ఒక వేటకుక్క ఉండేది. పేరు పిడుగు. సరిగ్గా పట్టాభిషేకం నాడు పుట్టిందని సింహాసనం పక్కనే దానికి చోటిచ్చారు. ఒకప్పుడు అడవిపందిని ఒంటరిగా నిలవేసిన కుక్క. ఇప్పుడు వెనక కాళ్ళు తడబడుతున్నాయి, కడుపు మీద అదుపు తప్పింది. పడుకున్నచోటే, దానికే తెలియకుండా, పని జరిగిపోయేది. లేచి చూసుకుని, తోక ముడుచుకుని స్తంభం చాటుకు పోయేది పాపం. శివ శివ! నోరులేని జీవానికీ సిగ్గుంటుంది.

మరి పిడుగు ముసలిదైందని ఎవరనాలి? దాని ఈడూ, రాజుగారి ఏలుబడి ఈడూ ఒకటే. అది ముసలిదైతే మరి రాజుగారో? అందుకే సభంతా గుప్పుమన్నా మంత్రులు "ఆహా, తోటలో సంపెంగలు విరిసినట్టున్నాయి" అంటూ ఉత్తరీయం ముక్కుకు అడ్డం పెట్టుకునేవారు.

ఒకనాడు పొరుగు రాజ్యపు రాయబారి చూస్తుండగా, సింహాసనం ముందున్న రత్నకంబళి మీదే ఆ పని జరిగింది. రాజు కుక్కను చూసుకునే గంగులును పిలిపించాడు.

"ఏరా గంగులూ! పడుచు కుక్క ఇలా చేస్తుందా? ఇదంతా నీ అజాగ్రత్త. ఇంకొక్కసారి నా కంబళి చెడిందా, పెళ్ళాంబిడ్డలతో పొలిమేర దాటిపోదువు గాని!"

గంగులు తిన్నగా పోయి సింగరయ్య కాళ్ళ మీద పడ్డాడు. సింగరయ్య ఆస్థానంలో హాస్యం చెప్పి బతికేవాడు. నాలుక కత్తి, మనసు వెన్న.

"దానికి వయసైపోయింది బాబూ. ఆ మాట అంటే నా తల పోతుంది, అనకపోతే ఊరు పోతుంది."

"దాన్ని ఎప్పుడైనా కొట్టావా?"

"అయ్యో, ఎలా కొడతాను బాబూ? గోరువెచ్చని నీళ్ళతో కడిగి, తుడిచి, ఒళ్ళో పెట్టుకుంటాను."

"అయితే నువ్వు ఊరు వదలవులే. తిన్నాక ఎంతసేపటికి దానికి ఆ పని పడుతుంది?"

"తిన్న కాసేపటికే."

"చాలు. ఇంటికి పోయి అన్నం తిను."

మర్నాడు సభలో సింగరయ్య లేచి చేతులు జోడించాడు.

"ప్రభూ! మహాపచారం జరుగుతోంది. గుళ్ళో స్వామికి వేళకు నైవేద్యం, వేళకు ఊరేగింపు. తమ పట్టాభిషేకంతో పుట్టిన వీరుడు పిడుగుగారికో, ఏ మర్యాదా లేదు. ఎవరు పడితే వారు మిఠాయి ముక్క విసరడం, ఇక కుక్కలా పడి ఉండమనడం!"

"నిజమే" అన్నాడు రాజు ఛాతీ విరిచి. "ఏం చేద్దామంటావు?"

"వేళకు మెత్తటి అన్నం, మజ్జిగ నైవేద్యం. అది కాగానే సన్నాయితో, గొడుగుతో తోటలోకి ఉత్సవం. పదిమంది తొక్కే కంబళి ఆయనకు తగదు ప్రభూ! వేరే గడ్డిపీఠం, పైన ఉతికిన గుడ్డ. ఏ పూటకాపూట నిర్మాల్యం తీసి కొత్తది పరచాలి."

"మరి ఆ గంగులుగాడు?"

"అర్చకుడు కదా! అర్చకుణ్ణి పొలిమేర దాటిస్తే ఉత్సవం ఎవరు చేస్తారు?"

రాజు మురిసిపోయి సరేనన్నాడు. (స్వామి తప్పు పట్టడు లెండి. ఆ కుక్కలో ఉన్నదీ ఆయనే.)

ఆనాటి నుంచి సన్నాయి మోగడం, పిడుగు గొడుగు కింద తడబడుతూ తోటలోకి పోవడం, తేలికపడి తోకాడించుకుంటూ రావడం. ఎప్పుడైనా ఆలస్యమైతే గడ్డిపీఠం ఆదుకునేది. కంబళి బతికింది. మంత్రుల ముక్కులూ బతికాయి.

ఇక రాజుగారి సంగతి. మధ్యాహ్నపు భేరి మోగేదాకా సింహాసనం దిగనివాడినని ఆయనకు మహా గొప్ప. ఒకరోజు ఒక కవి రాజుగారి నవయౌవనం మీద పద్యం వెంట పద్యం చదువుతున్నాడు. ముందు రాత్రి పనసతొనలు కాస్త ఎక్కువైనట్టున్నాయి. రాజు ఇటు ఒరిగాడు, అటు ఒరిగాడు. నుదుట చెమట పట్టింది. అంతలో సన్నాయి మోగింది. పిడుగు దర్జాగా బయలుదేరింది. రాజు దాని వంక చూసిన చూపు, పెళ్ళివిందుకు పిలుపు అందనివాడి చూపు!

"సింగరయ్యా, ఇలా రా" అన్నాడు గొంతు తగ్గించి. "ఆ ఉత్సవం వెంట రాజు వెళ్ళే ఆచారం ఏమైనా..."

"రాజు లేని ఉత్సవమా ప్రభూ! గొడుగు ఇద్దరికీ సరిపడేదే చేయించాను. పొదల వెనక తమకు వేరే తెర కట్టించి, చెంబుతో నీళ్ళు కూడా పెట్టించాను."

"ఎప్పుడు?"

"మొదటి రోజే."

రాజు సింహాసనం దిగి, పిడుగును దాటుకుని ముందు నడిచాడు. కాసేపటికి తేలిక ముఖంతో తిరిగొచ్చి, సింహాసనం మీద సర్దుకుని గర్జించాడు.

"ఓరీ! అంటే నేను ముసలివాణ్ణయ్యానని మొదటి రోజే అనుకున్నావన్నమాట!"

"రామ రామ! కుక్కనే ముసలిదనలేదు ప్రభూ, తమరిని అంటానా?"

రాజు బిగబట్టుకోవాలని చూశాడు. వల్లకాలేదు. కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు. ఆ నీళ్ళకు మీసం కాటుక కరిగి గడ్డం మీదికి కారింది. గంగులుకు అర్చక మాన్యం రాసిచ్చాడు. సింగరయ్యతో "ఈ రత్నకంబళి నీకే!" అన్నాడు.

"మహాప్రసాదం! ఉతికించి ఇప్పించండి ప్రభూ."

మర్నాడు మంగలికి తెల్లవెంట్రుక కనిపించింది. అతనికి చూపు చెడిందని ఎవరూ అనలేదు.

ఉత్సవం తోటకు, కథ మీ ఇళ్ళకు. మిమ్మల్నీ చాలాసేపు కూర్చోబెట్టాను. ఎవరికైనా లేవాలనిపిస్తే మొహమాటపడకండి తల్లీ, సన్నాయి మోగించమంటాను.