బాన పక్కన ప్రమిద

అనగనగా అంటే ఊఁ కొట్టాలి పిల్లలూ. కొట్టారా? అయితే వినండి.

అనగనగా ఒక కుమ్మరిపాలెం. ఆ పాలెంలో అందరికీ మన్నుగుంట ఒకటే, కుండలు కాల్చే ఆవమూ ఒకటే. ఉన్నవాళ్ల పెద్ద బానలు పేర్చి, వాటి సందుల్లో లేనివాళ్ల ముంతలూ ప్రమిదలూ సర్దేవారు. ఎండుకంపే కాల్చేవారు, పచ్చని చెట్టును ముట్టేవారు కాదు. తాతలనాటి కట్టుబాటు అది.

ఒకనాడు రాజభటుడు వచ్చి చాటింపు వేశాడు. "వానలు పట్టేలోగా కోటకు నీళ్ల బానలు చేరాలి! చేరితే బంగారు కడియం. చేరకపోతే ఈ మన్నుగుంట మీది కాదు!"

పాలెం గుండె గుభేలుమంది. కులపెద్ద గంగులయ్య కంటికి మాత్రం కడియమే కనిపించింది. ఆవంలోంచి అందరి ముంతలూ తీయించేశాడు.

ప్రమిదలు చేసుకుని బతికే నాంచారి చేతులు జోడించింది. "మామా, ఇవి కాలకపోతే నా పిల్లలకు గంజి ఉండదు."

"రాజుగారి పని మధ్య నీ ప్రమిదలేంటే? తీసెయ్!"

ఆవం నిండా తన బానలే పేర్చి నిప్పు పెట్టాడు. తెల్లారి విప్పి చూస్తే అన్నీ బీటలే.

"మంట చాల్లేదు," అన్నాడు గంగులయ్య. తప్పు తనదని ఒప్పుకుంటే పెద్దరికం ఏం కావాలి! మన్నుగుంట గట్టు మీది చెట్లు కొట్టించి రెండోసారి కాల్చాడు. బానలు ముక్కలు ముక్కలయ్యాయి. వేళ్ల పట్టు తప్పిన గట్టు ఓ చిన్న జల్లుకే జారి, గుంట సగం పూడిపోయింది.

ఆకాశం మబ్బు పట్టింది. ఇక ఒక్క ఆవానికి సరిపడా మన్నే మిగిలింది. అమ్ముకోవడానికి కుండలు లేక పాలెంలో పొయ్యిలు వెలగడం లేదు. నాంచారి తట్టాబుట్టా సర్దుకుని పిల్లలతో బయలుదేరింది. గంగులయ్య మూడోసారి బానలు పేర్చి, కాగడా ఎత్తాడు.

అప్పుడు ఒక బాన మాట్లాడింది.

"ఆగవయ్యా! ముంతలుంటే వాటిని ఆనుకుని నిలబడేదాన్ని. సందుల్లో ప్రమిదలుంటే సెగ మెల్లగా తగిలేది. ఇప్పుడా ఖాళీల్లోంచి మంట దూసుకొచ్చి నన్ను చీల్చేస్తుంది. నన్ను ఒంటరిని చేసింది నువ్వే!"

గంగులయ్యకు తన తప్పు తెలిసొచ్చింది. కాగడా ఆర్పి పొలిమేర దాకా పరుగెత్తాడు. "అమ్మాయ్ నాంచారీ, వెనక్కి రా తల్లీ! నీ ప్రమిదలు కావాలి."

నాంచారి నెత్తిన మూట దించలేదు. "ఈ ఒక్కసారికా మామా, ఎప్పటికీనా?"

ఉరుము ఉరిమింది. గంగులయ్య తల వంచాడు. "ఎప్పటికీ. ఆవంలో అందరికీ చోటు. కొట్టిన చెట్లకు మారుగా కొత్తవి నేనే నాటుతాను. కడియం వస్తే పాలెం సొత్తు."

నాంచారి మూట దించింది. ఎవరి ముంతలు వాళ్లు తెచ్చి సందుల్లో సర్దారు. ఎండుకంప అంటించారు. ఆ రాత్రి ఎవరి కంటికీ కునుకు లేదు. అందరి చూపూ మబ్బుల మీదే.

తెల్లవారి ఆవం విప్పారు. గంగులయ్య వేలి కణుపుతో బానను తట్టాడు.

ఖంగుమంది!

పక్కనే నాంచారి ప్రమిద, చెక్కుచెదరకుండా, ఎర్రగా ఉంది. బానల బండ్లు కోట గుమ్మం దాటాక వాన కురిసింది. రాజుగారిచ్చిన కడియం అమ్మి గట్టు కట్టుకున్నారు. ఆనాటి నుంచి పాలెంలో ప్రతి ఇంటా పొయ్యి వెలిగింది.

నీతి: చిన్న ప్రమిదకు చోటిస్తేనే పెద్ద బాన నిలుస్తుంది, అందరి పొయ్యీ వెలిగే ఊరే పదికాలాలు బతుకుతుంది.