పాత చెప్పులో పొలిమేర దాటిన ప్రాణం

నేనెప్పుడూ ఏమీ రాసినదాన్ని కాదు. మా చర్చి అయ్యగారు నేర్పిన నాలుగక్షరాలే వచ్చు. నోటితో చెప్పాలంటే సిగ్గు, అందుకే రాస్తున్నా. పిల్లలూ, మీరే చదువుకోండి, పక్కింటివాళ్ళకి చూపించకండి.

అనగనగా రష్యా దేశంలో, ఏడు నదుల అవతల, ఒక దొర. దొరంటే వట్టి దొర కాదు, మాంత్రికుడు. పొలం ఆయనదే, అడవి ఆయనదే, మేమూ ఆయనవాళ్ళమే. వారంలో సగం ఆయన పొలంలో వెట్టి, మిగిలిన సగంలో మా బతుకు. పెళ్ళికీ ఆయనే సెలవివ్వాలి. కోపమొస్తే మొగుణ్ణొక ఊరికీ పెళ్ళాన్నొక ఊరికీ అమ్మేసేవాడు.

నేనూ ప్రోహరూ మనువాడతామని వెళ్ళి వంగి నిలబడ్డాం.

"వీణ్ణి సంతలో అమ్ముదామనుకున్నానే అగాఫ్యా! సరే, మూడు పనులు చెయ్యి. ఒక్కటి తప్పినా వీడు సంతకే" అన్నాడు దొర.

మొదటి పని, కొండంత ధాన్యంలో రాళ్ళేరడం. మా ఇంట్లో గింజలు తిని బతికిన ఎలుకలొచ్చి ఏరిపెట్టాయి. రెండో పని, గడ్డకట్టిన నదిలోంచి ఉంగరం తేవడం. ఒకప్పుడు నేను ఉచ్చు విప్పి వదిలిన నీటికుక్క మంచు కింద దూరి తెచ్చింది.

మూడోది ఏం చెబుతాడో! కూర్చోలేను, పడుకోలేను. ఊడ్చిన ఇల్లే మళ్ళీ ఊడ్చాను. పొయ్యి సందులోంచి కీచురాయి కసిరింది.

"అబ్బ, కాస్త కుదురుగా ఉండవే! దొర ప్రాణం నాలోనే దాచాడు. నేను పొలిమేర దాటితే వాడు లేడు."

"మరి దాటవేం?"

"పిలవందే పొయ్యి వదలకూడదమ్మా. అది మా కట్టుబాటు."

తెల్లారగానే దొర గుమ్మంలో నిలబడ్డాడు. "ఇల్లు వదిలి పొలిమేర దాటు. నా వస్తువు ఒక్కటి ముట్టుకున్నా ప్రోహర్ సంతకే!" పొయ్యి ఎక్కడికీ నడవదుగా, ఆయనకదే ధీమా.

మాలో ఒక ఆచారం. ఇల్లు మారితే చెట్టుబెరడుతో అల్లిన పాత చెప్పుకి తాడు కట్టి ఈడుస్తూ, పొయ్యిలో ఉండి ఇల్లు కాచే దేవుణ్ణి, ఇంటి తాతని, పిలుచుకుపోతాం. దొరలకి అవెందుకు తెలుస్తాయి?

"ఏమిటే అది?"

"తెగిపోయిన చెప్పు, దొరా."

"ఛీ! తీసుకుపో."

పొయ్యి ముందు వంగి, "తాతా, నీతో ఉన్నవాళ్ళనీ తీసుకుని మా వెంట రా" అన్నాను. చెప్పు కాస్త బరువెక్కింది. మంచులో ఈడ్చుకుంటూ పోయాను. వెనక్కి తిరిగితే తాత ఆగిపోతాడట, తిరగలేదు. పొలిమేర కాలవ దాటానో లేదో, వెనక ప్రోహర్ కేక: "అగాఫ్యా! దొర కూలిపోయాడే!"

ఆ ఆదివారమే మా పెళ్ళి. ఊళ్ళో ఎవరి పొలానికి వాళ్ళే రాజులు. ఇప్పటికీ ఆ ఏలుబడే.

పెళ్ళి మర్నాడు చీకటితోనే లేచి, కొడవలి పట్టుకుని వాకిట్లోకి వచ్చేశాను.

"ఈ మంచులో ఎక్కడికే?" అన్నాడు ప్రోహర్.

"ఏమో" అన్నాను.

వెట్టికి రమ్మని ఎవరూ పిలవలేదు. లోపలికొచ్చి, మా ఇటుకల పొయ్యి పైనుండే వెచ్చటి అరుగు మీద పక్క పరుచుకుని, పొద్దెక్కేదాకా పడుకున్నాను.