గుడ్లగూబ వంతు

గురువు ఊళ్లో లేని రోజున ఓబులేసు ఒకామెకి ఫలం చెప్పాడు. అది విని ఆమె ఇంటికి పోవడం మానేసింది. అతనికి వచ్చిన చిక్కు అదే.

గురువు పేరు మస్తానయ్య. కొండమీద ఒక కొట్టం, పక్కన ఒక చిన్న పందిరి, ఆయన ఆస్తి అంతే. చలికాలంలో మబ్బు దిగివచ్చి కొట్టంలో ఒక వాకిట దూరి ఇంకో వాకిట పోయేది. ఆయన ఫకీరో సాధువో అడిగిన వాళ్లు లేరు. దర్గాకి పోయేవాళ్లూ గుడికి పోయేవాళ్లూ ఒకే బాటన ఎక్కి వచ్చేవాళ్లు.

వచ్చేది ఆయన దగ్గరున్న జంతువుల పేక కోసం. నలభై రెండు గుండ్రటి ముక్కలు. గుడ్డ పొరలు చింతగింజల జిగురుతో అతికించి, రంగులు వేసి, లక్క పూసినవి. ఒక్కో ముక్క మీద ఒక్కో ప్రాణి. జింక, తాబేలు, నక్క, ఏనుగు, ముంగిస. అక్షరం ముక్క లేదు. కష్టంతో వచ్చినవాళ్లు ఒకటి తీసేవాళ్లు. మస్తానయ్య దాన్ని వాళ్ల అరచేతిలోనే ఉంచి, "ఏం చేస్తాంది?" అని అడిగేవాడు. వాళ్లు ఏదో చెప్పేవాళ్లు. చెప్పి చెప్పి చివరికి వాళ్లే లేచి పోయేవాళ్లు. ఆయన రోజుమొత్తంలో పది మాటలు ఆడితే ఎక్కువ.

ఓబులేసుకి ఆయన నేర్పిన తీరు ఇంకా చిత్రం. రోజుకో ముక్క ఇచ్చేవాడు. అన్నం తిన్నాక దాన్ని తలకింద పెట్టుకుని కునుకు తీయాలి. లేచాక ఆ ప్రాణి ఏం చేసిందో చెప్పాలి. అంతే పాఠం. పది చదివిన ఓబులేసు, నిద్రపోయి నేర్చుకునే విద్య కూడా ఉందా అని మొదట నవ్వుకున్నాడు.

కానీ అవి వచ్చేవి. జింక వచ్చి అతని అరచేతిలో ఉప్పు నాకింది, లేచి చూసుకుంటే చెయ్యి తడిగా ఉంది. తాబేలు అతను పుట్టిన ఇంట్లో ఒక్కో గది దాటుతూ నడిచింది, వెనకే అతనూ నడిచాడు, మధ్యాహ్నమంతా నడిచినా వంటింటి దాకా చేరలేదు. ఏనుగు గుమ్మంలో నిలబడి ఊరికే చెవులాడించింది. కళ్లు తెరిస్తే కొట్టం నిండా మబ్బు ఉండేది. తను కలకి ఏ వైపున ఉన్నాడో తెలియడానికి కాసేపు పట్టేది. అంత హాయి అతను ఇంకెక్కడా ఎరగడు. చెప్పిందంతా విని మస్తానయ్య, "అట్లనా," అని ముక్కని పెట్టెలో పెట్టేసేవాడు.

ఆ హాయితో సరిపెట్టుకుంటే ఏ గొడవా ఉండేది కాదు. చదువుకున్న చెయ్యి ఊరుకుంటుందా? సంతలో ఒక నోటు పుస్తకం కొన్నాడు. జింక అంటే ప్రేమ. తాబేలు అంటే ఆలస్యం. నక్క అంటే మోసం. వరసగా రాసుకుంటూ పోయాడు.

గుడ్లగూబ ఒక్కసారే అతని చేతికొచ్చింది, ఆ రోజు మాత్రం అతను నిద్రపోలేదు. తొమ్మిదేళ్ల వయసులో వాళ్లమ్మ పోయినప్పుడు ఇంటి కప్పు మీద గుడ్లగూబ కూర్చుంది. ఆ ముక్కని తలకింద పెట్టుకోవడానికి ధైర్యం చాలక చాప చివరకి తోసేసి, కళ్లు తెరుచుకుని పడుకున్నాడు. లేచి, "చెట్టు మీద కూచుంది సామీ. ఎగిరిపోయింది," అని చెప్పాడు.

మస్తానయ్య అతన్ని కొంచెం ఎక్కువసేపు చూశాడు. "అట్లనా," అన్నాడు.

పుస్తకంలో మాత్రం ఖాళీ వదలడం ఇష్టంలేక లోకమంతా అనుకునేదే రాశాడు. గుడ్లగూబ అంటే ఇల్లు పాడు.

ఆ తర్వాత కొన్ని నెలలకి మస్తానయ్య తన గురువు సమాధి దగ్గర ఏటా జరిగే ఉరుసుకి బయల్దేరాడు.

"ఎవరన్నా వస్తే సామీ?"

"మజ్జిగ ఇయ్యి."

"పేక తియ్యనా?"

మస్తానయ్య చెప్పులు తొడుక్కుంటూ, "నీకు తోచినట్ల చెయ్యి," అన్నాడు. దాన్ని ఓబులేసు అనుమతి కింద జమకట్టుకున్నాడు.

గురువారం పొద్దున సుంకులమ్మ వచ్చింది. మొగుడు ఈరన్న బావులు తవ్వే పనికి పోయి నాలుగు నెలలు. కబురు లేదు, జాబు లేదు. మజ్జిగ తాగి, చెయ్యి తుడుచుకుని, ఒక ముక్క తీసింది. గుడ్లగూబ.

ఓబులేసు ముక్క వైపు మళ్లీ చూడలేదు. ఆమెని ఏమీ అడగలేదు. పుస్తకం తెరిచాడు.

"ఏముంది నాయినా?"

"ఇల్లు పాడవుతాదని ఉందమ్మా."

మందు చీటీ చదివినట్టు చదివేశాడు. సుంకులమ్మ ముక్కని జాగ్రత్తగా కిందపెట్టి, పోయి పందిట్లో కూర్చుంది. పొద్దు వాలినా లేవలేదు.

"ఇంటికి పోలేదేమ్మా?"

"పోను నాయినా. పోయి తలుపు తీస్తే ఆ మాట నిజమైపోతాది. ఈడ కూచున్నంతసేపు ఆయప్ప యాడనో ఒకచోట బతికే ఉంటాడు."

అన్నం పెడితే ముట్టలేదు. కన్ను మూయలేదు. మర్నాడు ఓబులేసు చేతులు జోడించి, తప్పు చెప్పానేమోనమ్మా, అన్నాడు.

"నువ్వు పుస్తకంలో చూసే కదా నాయినా చెప్పింది," అంది సుంకులమ్మ.

అతనికీ ముద్ద దిగలేదు. ఈమె ఇక్కడే పోతే అది నా నోటి పుణ్యమే అని భయం పట్టుకుంది.

శనివారం మధ్యాహ్నం మస్తానయ్య కొండెక్కి వచ్చాడు. ఓబులేసు ఎదురెళ్లి కాళ్లమీద పడి జరిగిందంతా చెప్పాడు.

"సామీ, గుడ్లగూబకి అసలు ఫలమేంది? మంచిది ఏదన్నా ఉంటే చెప్పండి. ఆమెకి చెప్పి ఇంటికి పంపిస్తా."

మస్తానయ్య సంచి దించి, కాళ్లు కడుక్కుని, పెట్టెలోంచి గుడ్లగూబని తీశాడు. ఓబులేసు చెయ్యి చాపాడు. ఆయన ఆ చెయ్యి దాటుకుని పందిట్లోకి పోయాడు. తన దుప్పటి మడతపెట్టి, దానికింద ముక్కని ఉంచాడు.

"కాసేపు ఒరుగమ్మా."

"నిద్ర రాదు తాతా."

"రాకుంటే రానీలే. ఒరుగు."

ఆమె ఒరిగింది. మస్తానయ్య విసనకర్ర తెచ్చి ఓబులేసు చేతికిచ్చాడు. "ఈగలు వాలకుండా చూడు. నువ్వు కునుకు తియ్యొద్దు."

ఆయన పొయ్యి రాజేసుకోవడానికి పోయాడు.

రెండేళ్లుగా ఆ వేళకి ఓబులేసు నిద్రలో ఉండేవాడు. మెలకువగా ఆ మధ్యాహ్నాన్ని చూడటం దాదాపు ఇదే మొదలు. మబ్బు మెల్లగా పందిట్లోకి వచ్చింది. సుంకులమ్మ రెప్పలు వాలాయి. పగిలిన మడమలు, అరిగి సన్నబడిన మెట్టెలు, నిద్రలోనూ ముడివీడని నొసలు. ఒక మనిషిని అంతసేపు అతను ఎన్నడూ చూడలేదు. చెయ్యి నొప్పెడితే ఇంకో చేతికి మార్చి విసిరాడు.

దుప్పటి జారి గుడ్లగూబ సగం బయటపడింది. పసుపుపచ్చని గుండ్రటి కన్ను ఒకటి కనబడుతోంది. తల తిప్పుకోబోయాడు, కానీ ఈగ వాలుతుందేమోనని తిప్పుకోలేదు. కన్ను అతన్ని బెదిరించడం లేదు. ఊరికే తెరుచుకుని ఉంది. అమ్మ పోయిన పూట ఇంట్లో ఎవరు మేలుకుని ఉన్నారో అతనికి గుర్తొచ్చింది. నాన్న నిద్రపోయాడు. అత్త నిద్రపోయింది. తనూ నిద్రపోయాడు. కప్పు మీద అది ఒక్కటే మేలుకుని ఉంది. ఓబులేసు కళ్లు తుడుచుకోలేదు. విసురుతూనే ఉన్నాడు.

ఎండ పందిరి దాటాక సుంకులమ్మ లేచి కూర్చుంది. మస్తానయ్య వచ్చి ఆమె ఎదుట గొంతుకూర్చున్నాడు.

"ఏం చేసింది?"

"ఏమీ చెయ్యలేదు తాతా. నా తలాపున కూచోని చూస్తా ఉండింది. రెక్కలతో గాలి ఇసురుతా ఉండింది. సల్లగా ఉండింది." ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆకలైతాంది."

ఓబులేసు లేచి విస్తరాకు వేసి, వేడి అన్నం, పప్పు వడ్డించాడు. నాలుగు ముద్దలు తిన్నాక ఆమె తలెత్తి, గురువుని కాదు, అతన్నే అడిగింది.

"నాయినా, ఆయప్ప వస్తాడా?"

ఓబులేసు గురువు వైపు చూశాడు. మస్తానయ్య పేక సర్దుకుంటున్నాడు, తలెత్తలేదు.

"తెలీదమ్మా," అన్నాడు ఓబులేసు. "ఆ పొద్దు కూడా తెలీదు."

ఆమె చెయ్యి అన్నంలో ఆగింది.

"ఆ మాటే ఆ పొద్దు చెప్పింటే, ఇంత తిని ఇంటికి పోయింటిని గదా నాయినా."

కోపంగా అనలేదు. పక్కింటి పిల్లాడితో అన్నట్టు అంది. ఓబులేసు గరిట పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు.

"ఇంకొంచెం పెట్టు ఆమెకి," అన్నాడు మస్తానయ్య.