గొర్రె దాచుకున్న రాగి

“శరభయ్యా! ఒరే శరభయ్యా! అయ్యవారు ఉండారా లోపల?”

పిలుపుతోపాటే హనుమక్క వాకిట్లోకి వచ్చేసింది. ఆమె భుజాల మీద గొర్రె ఉంది. దాని మెడ వేలాడుతోంది. మందు నూరుతున్న శరభయ్య కల్వాన్ని పక్కకు తోసి లేచాడు.

పశువుల వైద్యుడు చెన్నబసవయ్యగారి దగ్గర శరభయ్య శిష్యుడిగా చేరి రెండేళ్ళు. అయ్యవారికి ఒక అలవాటుంది. అడిగిన ప్రశ్నకు అప్పటికప్పుడు జవాబు చెప్పరు. ఆ పొద్దున్నే శరభయ్య అడిగాడు: “రాగిచెంబులో నీళ్ళు మనిషికి మంచివంటారు. మైలుతుత్తం కలిపిన పొడి చిటికెడు వేస్తే హనుమక్క పాడి ఎనుము తేరుకుంది. మంచి చేసేది ఇంకాస్త ఎక్కువైతే ఇంకాస్త మంచే కదా, అయ్యవారూ?”

“ఆ రాగిచెంబులోనే పుల్ల మజ్జిగ నిలవబెట్టి తాగి, మొన్న రోజంతా కక్కుకున్నదెవరు నాయనా?” అని నవ్వి ఊరుకున్నారాయన.

శరభయ్యకు నమ్మబుద్ధి కాలేదు. మైలుతుత్తం గడ్డను ఎండకు ఎత్తి చూడడం అతనికిష్టం. వాన వెలిశాక మబ్బుల మధ్య ఒక్కచోట తొంగిచూసే నీలాన్ని ఎవరో తుంచి తన చేతిలో పెట్టినట్టుండేది. రాగిలోంచి పుట్టిన ఇంత అందం ఎవరికైనా కీడు చేస్తుందా?

“నిన్న రెండు పోయినాయి సామీ,” హనుమక్క, లోపల్నుంచి వచ్చిన అయ్యవారి ముందు గొర్రెను కింద పడుకోబెట్టింది. “ఉచ్చ చూస్తే డికాషను మాదిరి ఉంది. ఇంకా ముప్పైయొకటి ఉండాయి. అవి గూడా పోతే నేనేమి తిని బతకల్ల?”

అయ్యవారు గొర్రె కనురెప్ప ఎత్తారు. లోపలంతా పచ్చటి పసుపు. వాళ్ళు చూస్తుండగానే అది ఒకసారి కాళ్ళు తన్నుకుని ఆగిపోయింది. హనుమక్కను అడిగి, ఆయన కత్తితో దాని పొట్ట తెరిచారు. కాలేయం పచ్చబడి ఉంది. మూత్రపిండాలు నల్లగా, నీలి నిగ్గుతో ఉన్నాయి. శరభయ్య భయం మరిచిపోయి వంగి చూశాడు. తాను ఎండలో చూసి మురిసిన నీలమేనా ఇక్కడికొచ్చి ఇలా నల్లబడి కూర్చుంది?

“వీటికి ఏం పెడుతున్నావమ్మా?”

“మీరు పంపిన పొడే సామీ. ఎనుముకొక పొట్లం, గొర్రెలకొక పొట్లం. నాలుగు నెలలుగా ఒక్క పూట తప్పలేదు.”

వంగి చూస్తున్న శరభయ్య లేచి నిలబడ్డాడు. అయ్యవారు కట్టింది ఎనుము పొట్లం ఒక్కటే. రెండోది తాను కట్టాడు. ఎనుము నిగారింపు చూసి ముచ్చటపడి, గొర్రెలూ అలా మెరవాలని, “అయ్యవారు ఇమ్మన్నారు” అని చెప్పి ఇచ్చాడు.

అయ్యవారు అతని వైపు చూడలేదు. “అవునమ్మా, నేనే పంపాను,” అన్నారు.

హనుమక్క గొర్రె మీంచి చెయ్యి తీసి ఆయన వైపు తిరిగింది.

“ఎనుము తనకు కావలసిన రాగి ఉంచుకుని, మిగిలింది పేడలో వదిలేస్తుంది. గొర్రెకు అది అంతగా చేతకాదు. వచ్చినదాన్ని వచ్చినట్టు కాలేయంలో దాచుకుంటుంది. దాచుకుని కూడా మేస్తుంది, గెంతుతుంది. చూసేవాళ్ళకు ఏమీ తెలియదు. ఒక రోజు ఇక పట్టదు. అంతా ఒక్కసారిగా నెత్తుట్లోకి వచ్చిపడుతుంది.” ఆయన కత్తి తుడిచారు. “నీ మందను పశువుల డాక్టరుకు చూపించాలి. ఎంత రాగి కలిపారని ఆయన మొదటే అడుగుతాడు. నాకేమో గుర్తు రావడం లేదు.”

ఇరవై ఏళ్ళ కిందట ఏ కోడెకు ఏ మందు ఎన్ని గురిగింజల ఎత్తు వేశారో చెప్పగల మనిషి ఆ మాట అన్నారు.

“మీరే మరిచిపోతే నేనింగ ఎవరిని అడగల్ల సామీ?” హనుమక్క గొంతు మారింది. “మీ చేతి మందు అమృతమని ఊరూరా చెప్పుకుంటి. నా నోటికి బుద్ధి లేదు.” ఆమె కొంగు బిగించి లేచింది.

అయ్యవారు తలవంచుకున్నారు. ఆ తెల్లటి తల అలా వంగడం శరభయ్య ఎన్నడూ చూడలేదు. హనుమక్క గడప దగ్గరికి వెళ్ళిపోయింది.

“అక్కా, ఆగు!” అన్నాడు శరభయ్య. “అయ్యవారు పంపలేదు. ఆయనకు తెలియనే తెలియదు. గొర్రెల పొట్లాలు కట్టింది నేను. ఎనుముకు వేసినదానికి రెండింతలు మైలుతుత్తం కలిపాను. నాలుగు నెలలూ కలిపాను. ఆయన పేరు చెప్పి ఇచ్చాను.”

అయ్యవారు చేతులు కడుక్కుని, కండువా భుజాన వేసుకున్నారు.

“పద. ఇదే మాట డాక్టరుకూ చెబుదువుగాని. గొర్రెలు చెప్పలేవుగా.”