బుడమయ్య ముక్కు పరీక్ష

ఎర్రమెట్ట జీడితోటలో కుక్కల చెవులు నేలను ఊడుస్తాయి. కాళ్లు మాత్రం పీట కాళ్లంత. వెనకటికి ఆ తోట యజమాని ఒకాయన కుందేళ్ల వేటకని బాసెట్ జాతి కుక్కల జంటను ఓడలో తెప్పించాడట. వాటిని చూసి కుందేళ్లు మొదటిరోజు పరిగెత్తాయి, రెండోరోజు నడిచి వెళ్లాయి, మూడోరోజు నుంచి ఉన్నచోటే మేస్తున్నాయి. యజమాని తోట అమ్ముకుని వెళ్లిపోయాడు. కుక్కలు ఉండిపోయి పిల్లల్ని పెట్టాయి, ఆ పిల్లలు మళ్లీ పిల్లల్ని పెట్టాయి. నలుగురు చేరిన చోట సంఘం పుట్టక మానదు కదా. అలా పుట్టిందే ఎర్రమెట్ట ప్రాంతీయ బాసెట్ల సంఘం.

సంఘం ఏటా జీడిగింజల కోత అయ్యాక పోటీలు పెడుతుంది. చెవుల పొడవు పోటీ ఉంది, వెదురు కణుపులతో కొలుస్తారు. హుందా నడక పోటీ ఉంది. ఆగకుండా అందరికంటే నెమ్మదిగా నడిచినవాడిదే గెలుపు. రెండేళ్ల కిందట ఒక కుక్క నడుస్తూ నడుస్తూ నిద్రపోయింది. అది ఆగినట్టా, ఆగనట్టా అన్న విచారణ ఇంకా సాగుతోంది. ఊళ పోటీ కూడా ఉంది కానీ, అందరూ ఒకేసారి మొదలుపెడతారు కనుక దానికి బహుమతి లేదు.

అన్నిటికంటే పెద్దది వాసన పరీక్ష. తెల్లవారుజామున ఒక జంతువు పంపుషెడ్డు దగ్గర బయలుదేరి, సంఘం ముద్ర వేసిన గోనె ముక్క నోట కరుచుకుని తోటలో నడుస్తుంది. నడక ఎక్కడ ఆపితే అక్కడ ఆ ముక్క వదలాలి. ఏ దారిన నడిచిందో టేకాకు మీద గోటితో గీసి న్యాయమూర్తికి ఇవ్వాలి. మంచు ఆరాక కుక్క ఆ వాసన పట్టుకుని వెళ్లి గోనె ముక్క మీద గడ్డం ఆనించి పడుకుంటే నెగ్గినట్టు. ఆకు మీది గీత దాటి ముప్పై అడుగులు పక్కకు పోతే న్యాయమూర్తి మెడలో గంట మోగిస్తాడు. ఆ గంటకు కుక్క తలెత్తిందంటే పరీక్ష ముగిసినట్టే, ఓడినట్టే. నెగ్గిన ముక్కు చెప్పిన మాట ఏడాది పాటు సాక్ష్యంగా చెల్లుతుంది. ఇదీ సంఘం కట్టుబాటు.

ఆ ఏడు వాసన పరీక్షకు నిలబడింది బుడమయ్య ఒక్కడే. నిలబడటం కాదు, నిలబెట్టారు.

బుడమయ్య పదకొండేళ్ల ముసలి కుక్క. కోళ్లదొడ్డి గేటు దగ్గర కాపలా అతనిది. గేటు పక్కన నీడలో ఒక గోనె పరుపు, పొద్దున ఓ చిప్పెడు గంజి, దారిన పోయే ప్రతివాడూ ‘ఏం మావా’ అని పలకరించే గౌరవం, ఇదీ అతని ఆస్తి. అయితే నెల తిరిగేసరికి మూడు పెట్టలు మాయమయ్యాయి. మూడుసార్లూ కంచె దగ్గర నక్క వాసన ఉందనే చెప్పాడు బుడమయ్య. గేటు వదిలి ఆ వాసన వెంట పోతే కాపలా వదిలాడంటారు, గేటు దగ్గరే ఉంటే ఎండకు వాసన ఆరిపోతుంది. అడకత్తెరలో పోకచెక్క అయింది అతని బతుకు. ముసలాడి ముక్కు మొద్దుబారింది, ఏ వాసన ఏదో తెలియడం లేదని నలుగురూ అనుకోవడం మొదలుపెట్టారు.

సంఘం అధ్యక్షురాలు బూరెలమ్మ సమావేశం పెట్టింది. బుడమయ్య పరీక్ష నెగ్గితే గేటు అతనిదే. ఓడితే గోనె పరుపు, గంజిచిప్ప చామరానికి అప్పగించి తోట వెనక జీడిపిక్కల గుట్ట దగ్గరికి వెళ్లిపోవాలి. ఈ చామరం చెవుల పోటీలో మూడేళ్లుగా మొదటి బహుమతి. ముక్కు సంగతి ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు.

ఇక దారి వేసేదెవరు? కుందేలు కుదరదంది. ముంగిసకు తీరిక లేదు. అప్పుడు సింగన్న అనే నక్క తోక మడిచి ముందుకొచ్చాడు. సంఘానికి సేవ చేసుకునే భాగ్యం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తున్నానన్నాడు. అధ్యక్షురాలి చెవులంత చెవులు తన జన్మలో చూడలేదన్నాడు. కోళ్లలో పెద్దది బొట్లపెట్ట లేచి, దొంగ చేతికి తాళాలిస్తారా అని అడిగింది. రుజువు లేకుండా ఎవరినీ అనకూడదని బూరెలమ్మ మందలించి, చెవులు సర్దుకుని, సింగన్నకే పని అప్పగించింది.

సింగన్న లెక్క సింగన్నకుంది. ముసలాడి ముక్కు ఎంత వాడిదో తోటలో అందరికంటే తనకే బాగా తెలుసు. అది పోయి చామరం చెవులు గేటు దగ్గరకొస్తే ఇక పెళ్లిభోజనమే. అందుకని ఆకు మీద జీడితోపులోంచి చెరువుగట్టు తాటిచెట్టు దాకా గీత గీశాడు. కాలు మాత్రం తోపులో పెట్టలేదు. పెడితే ఆ వాసన పట్టుకుని ముసలాడు నెగ్గుతాడు మరి. పంపుషెడ్డు దగ్గర బయలుదేరి, నాలుగడుగులు వేసి, ఎడమకు తిరిగి, గోనె ముక్కతో సహా తిన్నగా తన ఇంటికి పోయాడు. ముప్పై అడుగులకే గంట మోగుతుంది, చివరిదాకా వచ్చి చూసేదెవరు అనుకున్నాడు. ముక్క మెత్తగా ఉంది కదా అని దాని మీద కాసేపు కునుకు కూడా తీశాడు.

మంచు ఆరింది. ఆ పూటకు గేటు చామరానికి వదిలి, సంఘం మొత్తం పంపుషెడ్డు దగ్గర చేరింది. న్యాయమూర్తి మైలయ్య అనే ముసలి ఎద్దు. సంఘంలో అతను సభ్యుడు కాదు, అందుకే న్యాయమూర్తి.

"దారి నీదేనా?" అని అడిగాడు మైలయ్య.

"నాదే తాతా." సింగన్న ఆకు మీద పాదం ముద్ర వేశాడు.

"గోనె ముక్క?"

"చివరే ఉంది."

బుడమయ్య ముక్కు నేలకు ఆనించాడు. చెవులు రెండు పక్కలా చాపల్లా పరుచుకున్నాయి. నక్క వాసన తగిలింది. కంచె దగ్గర మూడుసార్లు తగిలిన వాసనే. అతను నడక మొదలుపెట్టాడు. నాలుగడుగులు నేరుగా, తర్వాత ఎడమకు.

మైలయ్య ఆకు చూశాడు. ఆకు కుడికి పొమ్మంటోంది. పది, ఇరవై, ముప్పై అడుగులు లెక్కపెట్టి మెడ ఊపాడు. గంట గణగణ మోగింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. బాసెట్ కుక్క ముక్కు నేలకు దించితే చెవులు మూసుకుపోతాయని, పిడుగు పడినా వినపడదని సంఘంలో అందరికీ గట్టి నమ్మకం. వాళ్లకదో గొప్ప. చెవులు వాలినా శుభ్రంగా వినపడుతుందని బుడమయ్యకు కూనగా ఉన్నప్పుడే తెలిసింది. స్నానానికి పిలిచినప్పుడల్లా ముక్కు దించి తప్పించుకునేవాడు కనుక ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు గంట మోగింది. బుడమయ్య విన్నాడు. తలెత్తితే గేటు పోయినట్టే. ముక్కు కింద వాసన మాత్రం ఇటే, ఇటే అంటోంది. పైగా నక్క వాసన కింద సన్నగా, పాతగా, కోడి ఈక వాసన ఒకటి తగులుతోంది. పెద్దలు ఇన్నాళ్లు నిలబెట్టుకున్న నమ్మకాన్ని ఇవాళ నేను తలెత్తి పాడుచేయడమెందుకని అతను నడక సాగించాడు.

మైలయ్య మళ్లీ మోగించాడు. బుడమయ్య నడిచాడు.

"వినపడదు పాపం," అంది బూరెలమ్మ గర్వంగా. "ముక్కు దించాడు కదా."

కుక్క తలెత్తేదాకా న్యాయమూర్తి వెనకాలే నడవాలి. మైలయ్య నడిచాడు. ఆయన వెనక కోళ్లు, వాటి వెనక సంఘం, ఎర్రమట్టిలో చెవులు ఈడ్చుకుంటూ. దుమ్ము లేచింది. హుందా నడక పోటీ కూడా ఇందులోనే కలిపేశారేమోనని ఎవరో అడిగారు.

సింగన్న మొదట ముసిముసిగా నవ్వుకున్నాడు. పంటకాలువ దాటేసరికి నవ్వు సగమైంది. ముసలాయన్ని ఎండలో తిప్పడం పాపం తాతా, ఓడినట్టు రాసేయండి అన్నాడు. తలెత్తలేదుగా అన్నాడు మైలయ్య. ఇంకొంత దూరం పోయాక అటు సున్నపుబట్టీ దగ్గర పాములున్నాయి అన్నాడు.

"సున్నపుబట్టీకి పోతున్నామని ఎవరన్నారు?" అడిగింది బొట్లపెట్ట.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది ఇతని వ్యవహారం అని కోళ్లు గొణుక్కున్నాయి. సింగన్న పక్కనుంచి ముందుకు ఉరకబోయాడు. కుక్కకు ముందు ఎవరూ నడవకూడదు, అది కట్టుబాటు. మైలయ్య కొమ్ము కాస్త దించాడు. సింగన్న వెనక్కి వచ్చాడు.

పాడుబడ్డ సున్నపుబట్టీ నోట్లోకి దూరి, బుడమయ్య గోనె ముక్క మీద గడ్డం ఆనించి పడుకున్నాడు. అరిచి యాగీ చేయలేదు. అరిస్తే మార్కులు తగ్గుతాయి. చుట్టూ ఈకలు ఎర్రవి, గోధుమరంగువి, చుక్కలవి పరుపులా పడి ఉన్నాయి.

మైలయ్య ఆకు చూశాడు, గోనె ముక్క చూశాడు, కాసేపు నెమరు వేశాడు.

"ఆకు ఒక చోటంటోంది. ముక్క ఒక చోట ఉంది. సింగన్నా, ఏమంటావు?"

"ఎవరో తెచ్చి ఇక్కడ పడేశారు తాతా. నా దారి తోపులోదే. ముసలాయన వాసన తప్పాడు."

అప్పుడు బుడమయ్య తలెత్తాడు. "అయితే సరే అల్లుడూ. పద, తోపులోకి పోదాం. అక్కడ నీ కాలి వాసన ఉంటే నేను ఓడినట్టే. ఈ పూటే గేటు చామరానికి ఇచ్చి నా దారిన నేను పోతా. నా ముక్కు మీద నమ్మకం లేకపోతే ఊళ్లోంచి వేటకుక్కల్ని రెంటిని పిలిపిద్దాం. అవి నీ వాసన ఎక్కడుందో చూసి చెబుతాయి."

వేటకుక్కల మాట వినగానే సింగన్న తోక కాళ్ల మధ్యకు పోయింది. తోపులో తన వాసన లేదు. ఉన్నదంతా ఇక్కడే. వేటకుక్కలకు మైలయ్యకున్నంత ఓపిక కూడా ఉండదు. ఇంత గండం ముందర గీత తప్పు గీశానని ఒప్పుకుంటే పోయేదేముంది అనుకున్నాడు. మహా అయితే బూరెలమ్మ రెండు చీవాట్లు పెడుతుంది.

"అబద్ధమెందుకు తాతా," అన్నాడు చెవులు వాల్చి. "దారి ఇటే వేశాను. తెల్లవారుజామున నిద్రమత్తులో ఆకు మీద గీత తప్పింది. ముక్క నేనే వదిలాను. బట్టీ ఖాళీగా ఉంది కదా అని ఇక్కడ వదిలానంతే, ఇవాళే మొదటిసారి రావడం. ఈ ఈకలు ఎవరివో నాకేం తెలుసు. మావ ముక్కు మాత్రం మహా గొప్పది. నెగ్గాడు. నేనే చెబుతున్నా."

"నెగ్గాడంటావు?"

"నూటికి నూరు."

"పాదం వెయ్యి."

సింగన్న ఆకు మీద రెండో ముద్ర వేశాడు, ఇంతటితో గండం గడిచిందనుకుని.

మైలయ్య బూరెలమ్మ వైపు తిరిగాడు. "రాసుకోమ్మా. బుడమయ్య నెగ్గాడు. ఇవాల్టి నుంచి ఏడాది పాటు ఇతని ముక్కు చెప్పింది సాక్ష్యం. నా పని అయిపోయింది." అని పక్కకు జరిగాడు. దారి అంతా నిండేట్టుగానే జరిగాడు.

"అయితే అడగండి," అన్నాడు బుడమయ్య.

బొట్లపెట్ట ఒక ఎర్ర ఈక ముక్కున కరిచి తెచ్చి అతని ముందు పెట్టింది. బుడమయ్య మెల్లగా వాసన చూశాడు. "ఇది నీ చెల్లెలిది. పోయి ఇరవై ఆరు రోజులైంది. దీని మీద ఉన్నది సింగన్న నోటి వాసన." రెండో ఈక చూశాడు, మూడోది చూశాడు, రోజులు చెప్పాడు. తర్వాత బట్టీ గుమ్మంలో నేల వాసన చూసి, "మొదటిసారి వచ్చినవాడిది ఒక్క వరస ఉండాలి. ఇక్కడ వర్షాకాలం నుంచి వరస మీద వరస ఉంది," అన్నాడు.

"ముసలాడి ముక్కు మొద్దుబారింది, ఆ మాట మీరే కదా అన్నారు," అన్నాడు సింగన్న.

"మేమన్నాం," అంది బొట్లపెట్ట. "నూటికి నూరన్నది నువ్వే. రెండో పాదం నీదే."

సింగన్న తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. వెనక బట్టీ గోడ, ముందు మైలయ్య కొమ్ములు. ఆకును ముక్కుతో నెట్టి పడేద్దామని చూశాడు గానీ, అప్పటికే బూరెలమ్మ దాన్ని కాలి కింద పెట్టుకుంది. జీవితంలో మొదటిసారి ఆమె చెవుల సంగతి మర్చిపోయి ఉంది.

మైలయ్య అతన్ని కొమ్ములతో నెట్టుకుంటూ వాగు దాటించాడు. తొందర పడలేదు, ఆపనూ లేదు. వాగు అవతల సింగన్న ఒకసారి వెనక్కి తిరిగి, ఇవతల ఒడ్డున వరసగా కూర్చున్న కోళ్లను చూసి కొండ వైపు పోయాడు. మళ్లీ ఎర్రమెట్టలో కనపడలేదు.

వీళ్లు తిరిగొచ్చేసరికి గేటు దగ్గర చామరం చెవులు పరుచుకుని గాఢనిద్రలో ఉన్నాడు. వచ్చే ఏడు వాసన పరీక్షకు అతన్ని నిలబెట్టాలని సంఘం తీర్మానించింది. ఈ మాట చెప్పడానికి లేపబోయారు గానీ లేవలేదు. బుడమయ్య అతన్ని మెల్లగా పక్కకు దొర్లించి, గోనె పరుపు దులుపుకుని, గేటుకు అడ్డంగా పడుకున్నాడు. కోళ్లు ఒక్కొక్కటే అతన్ని దాటుకుని లోపలికి పోయాయి. చివరగా బొట్లపెట్ట ఆగి, "ఉంటాం మావా," అని వెళ్లింది.

పెద్ద తప్పు దాచడానికి చిన్న తప్పు ఒప్పుకున్నవాడు, తన మీద సాక్షిని తానే కూర్చోబెట్టుకున్నట్టు.