చిటికెడు ఉప్పు మీద కొసరు

నమ్మనివాళ్ళెవరైనా ఉంటే ఇప్పుడే లేచిపోండి. తలుపు తీసే ఉంది, చెప్పులు గడప దగ్గరే ఉన్నాయి. సగం విని "ఇదెక్కడైనా జరుగుతుందా?" అని మూతి తిప్పేవాళ్ళకంటే అసలు విననివాళ్ళే నయం. ఇందులో ఒక్క ముక్క అబద్ధమని తేలితే, ఇదిగో ఈ మీసం, ఇక్కడే గొరిగించెయ్యండి. మంగలిని మీరే పిలవండి. కదల్లేదుగా ఎవరూ? అయితే వినండి.

అనగనగా ఒక రాజు. పేరు నరేంద్రదేవుడు, ఊరు నిండుగాదెపురం. ఆ ఊరి సంత ఎంత పెద్దదంటే, తెల్లారి పసుపు కొట్టు దగ్గర బయలుదేరిన కుర్రవాడు ఉప్పు కొట్టు చేరేసరికి గడ్డం మొలిచేది. బెల్లం ఎంత చవకంటే, గోడకు బీట పడితే పాకం పోసి పూడ్చేవారు. ఎడ్లబండి ఇరుసు కిర్రుమంటే ఆవునెయ్యి రాసేవారు.

ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు భీమదేవుడు. కత్తి దూస్తే మబ్బు రెండు ముక్కలై చెరో ఊళ్ళో కురిసేది. నడిపివాడు కామదేవుడు. అతని పెట్టెల తాళంచెవులు మోయడానికే రెండు ఏనుగులు. చిన్నవాడు సోమదేవుడు. అతనికి కత్తీ లేదు, పెట్టే లేదు. ఎప్పుడు చూసినా కోట పక్కనున్న అన్నసత్రంలో, పొయ్యి ముందు కూర్చుని కట్టెలు ఎగదోస్తూ ఉండేవాడు.

"ఏరా వంటింటి కుందేలూ, ఇవాళ ఏ రాజ్యం జయించావు? వంకాయ రాజ్యమా, బెండకాయ రాజ్యమా?" అని అన్నలు నవ్వేవారు.

సోమదేవుడు ఇంకో కట్టె పొయ్యిలోకి తోసేవాడు. ఆ సత్రం పొయ్యి మూడు వందల ఏళ్ళుగా ఆరలేదు. ఆకలని వచ్చినవాణ్ణి ఊరడగలేదు, పేరడగలేదు, ఆకు వేసి వడ్డించింది. తల్లి కన్నుమూస్తూ చిన్నకొడుకు చేతిలో చెయ్యి వేసి, "నాయనా, ఆ పొయ్యి ఆరనివ్వకు" అంది. ఆ మాటే అతని కత్తి, ఆ మాటే అతని పెట్టె.

ఇలా ఉండగా ఒకనాటి తెల్లవారుజామున ఆకాశంలోంచి ఒక గొంతు వినిపించింది. "ఇంకొంత!" అంది. అంతే. ఆ పూట కందిపప్పు ధర రెట్టింపు. మర్నాడు మళ్ళీ "ఇంకొంత!" నూనె ధర రెట్టింపు. మూడోనాడు మళ్ళీ "ఇంకొంత!" చింతపండు, మిరియాలు, ఉప్పు, అన్నీ రెట్టింపు. నెల తిరిగేసరికి జీలకర్ర కొనాలంటే పొలం అమ్మాలి. ఉల్లిపాయను పెళ్ళికూతురి మెళ్ళో పతకంగా కట్టేవారు. రాజుగారి పప్పులో పప్పు ఎక్కడుందో చూడాలంటే గజ ఈతగాణ్ణి దింపాల్సి వచ్చేది. దింపారు కూడా. రెండు బద్దలు పట్టుకుని పైకి తేలాడు.

ఊళ్ళో ఒక్కొక్క వంటిల్లూ చల్లబడింది. పొగ లేచేది ఒక్క సత్రంలోనే. ఎందుకంటే అక్కడ తాయారు ఉంది.

తాయారు ఎవరంటారా? సత్రం వంటలక్క మనవరాలు. ఇరవై ఏళ్ళ పిల్ల. యుద్ధంలో గెలిచిన వీరులు వేలమంది ఉంటారు గానీ, ధరలమీద గెలిచిన వీరురాలు ఆమె ఒక్కతే. బీరకాయ తెస్తే కండ కూరకు, తొక్కు పచ్చడికి. గుమ్మడికాయ తెస్తే గింజ కూడా వేపుడులోకి. బియ్యం కడిగిన నీళ్ళు చారులోకి, వార్చిన గంజి పసిపిల్లల గిన్నెల్లోకి. అన్నిటికంటే గొప్ప సంగతి, అటక మీద కుండ. రోజూ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక్క గుప్పెడు తీసి ఆ కుండలో వేసేది. ఏడేళ్ళుగా వేసింది. ఇప్పుడు ఊరంతా ఖాళీ అయ్యాక ఆ గుప్పెళ్ళే ఊరికి అన్నం పెడుతున్నాయి. సోమదేవుడు ఆ కుండను చూసి, తాయారును చూసి, తన తాతముత్తాతల విజయస్తంభాలన్నీ కలిపినా దీని మూతకు సరిరావని అనుకున్నాడు.

రాజుగారి జ్యోతిష్కుడు గవ్వలు వేశాడు. "మహారాజా! ఏడు సముద్రాల అవతల లవంగద్వీపం. అందులో గండదంష్ట్రుడనే మాంత్రికుడు అంగడి పెట్టుకుని కూర్చున్నాడు. వాడి పంజరంలో చిలక ఉంది. అది 'ఇంకొంత' అన్నప్పుడల్లా మన సరుకు తరిగి వాడి కుప్పలో చేరుతుంది. వాడి ప్రాణం కూడా ఆ చిలకలోనే ఉంది."

"ఇంతేనా?" అని పెద్దవాడు కత్తి పట్టుకుని బయలుదేరాడు. తిరిగి రాలేదు. "కొనిపారేస్తే పోలా?" అని నడిపివాడు ఓడ నిండా బంగారం వేసుకుని బయలుదేరాడు. తిరిగి రాలేదు. ఓడ నడిపే సరంగు ఒక్కడే వచ్చి, "పెదరాజుగారు ఉప్పుబస్తా అయ్యారు, నడిపిరాజుగారు బెల్లందిమ్మె అయ్యారు దొరా" అని ఏడ్చాడు.

అప్పుడు సోమదేవుడు పొయ్యి ముందునుంచి లేచాడు. "తాయారూ, నేను వెళతాను. ఎన్నాళ్ళు నెట్టుకురాగలవు?"

తాయారు అటకెక్కి కుండలో చెయ్యి పెట్టి చూసింది. "నలభై రోజులండీ చినరాజుగారూ. నలభై ఒకటో రోజున పొయ్యిలో కట్టె ఉంటుంది, కుండలో గింజ ఉండదు. కానీ మీరిలా వెళితే ఏ మెంతులపొట్లమో అవుతారు. మీకు బేరమాడటం వచ్చా?"

"రాదు."

"అయితే ముందు సంతకు పదండి. ఆవాల గురవమ్మ దగ్గర కొసరు పట్టుకురండి. అది తేగలిగితే ఏడు సముద్రాలూ మీకు మోకాలిలోతు."

కొసరంటే తెలుసుగా? కొలిచి ఇచ్చిందానిమీద అంగడివాడు ఇంకో చిటికెడు వేస్తాడే, అది. అది పడందే కొన్న సరుకు ఇంటికి తెచ్చినట్టే కాదు. ఆ గురవమ్మ మాత్రం జన్మలో ఎవరికీ కొసరు వెయ్యలేదు. ఆమె బుట్టమీద ఈగ వాలి లేస్తే, కాలికి ఆవగింజ అంటుకుందేమోనని మూడు వీధులు తరిమేది.

తాయారు మూడు మాటలు చెప్పింది. "ఒకటి, మీకు కావలసినదాని వంక చూడకండి. రెండు, బేరం కుదరకపోతే వెనుదిరిగి నడవండి, పిలిచినా వెంటనే ఆగకండి. మూడు, కొన్నాక కదలకండి. చాలు అనాల్సింది మీరు, ఆమె కాదు."

సోమదేవుడు చిటికెడు ఆవాలు కొని, గురవమ్మ ముందు మూడు రోజులు నిలబడ్డాడు.

"ఏం బాబూ, రాజుగారి కొడుకువి, కొసరడగడానికి సిగ్గు లేదూ?" అంది మొదటి రోజు.

"నీకు ఇవ్వకపోవడానికి లేని సిగ్గు నాకెందుకు గురవమ్మా?" అన్నాడు.

రెండో రోజు తిట్టింది. మూడో రోజు పొద్దుగూకేవేళకు విసిగి వేసారి, "ఇదిగో, పట్టుకుని పో, నీకో దండం!" అని అరచేతిలో వేసింది. ఎంతనుకున్నారు? ఒక్క ఆవగింజ. నిండుగాదెపురం ఆ రోజు దీపాలు పెట్టుకుంది.

తాయారు ఆ గింజను తన కొంగున ముడేసుకుని, అటకమీద దాచినవాటిలోంచి తీసి మూడు మూటలు కట్టింది. ఒక మూటలో పేలాలు, ఒక మూటలో అటుకులు, ఒక మూటలో వేయించిన శనగలు. "వెళ్ళి రండి," అంది. పొయ్యి వైపు తిరిగి ఊదుతూ కూర్చుంది. పొగకే కళ్ళు చెమర్చాయట.

సముద్రపు ఒడ్డున ఒక తాబేలు. దాని డిప్పమీద మూడు పెళ్ళిపందిళ్ళు వెయ్యొచ్చు. "చేపలు కూడా ప్రియమైపోయాయి నాయనా, కడుపు మాడుతోంది," అంది. సోమదేవుడు పేలాల మూట విప్పాడు. తాబేలు తిని, "ఎక్కు," అంది. ఉప్పు సముద్రం, పాల సముద్రం, పెరుగు సముద్రం, అలా ఏడూ దాటింది. నేతి సముద్రంలో జారింది, తేనె సముద్రంలో అతుక్కుంది, అయినా పదిహేడు రోజుల్లో లవంగద్వీపంలో దించింది.

ఆ ద్వీపంలో కొండలంటే కొండలు కావు, కందిపప్పు కుప్పలు. కుప్ప కింద ఒక ఎలుక మూలుగుతోంది.

"ఇన్ని గింజల మధ్య ఉండి బక్కచిక్కావేం తమ్ముడూ?"

"ఆ గింజలకు మంత్రం వేశాడు అన్నా, కొరికితే పళ్ళు రాలతాయి. వాడి చిలక్కి కూడా పన్నెండేళ్ళుగా తిండి లేదు."

సోమదేవుడు అటుకుల మూట విప్పాడు. ఎలుక తిని చెవిలో రహస్యం చెప్పింది. "ఆ చిలకను దొంగిలించబోతే చెయ్యి రాయవుతుంది. కొనబోతే ధర కొండెక్కుతుంది. వాడు తన నోటితో ఇస్తేనే వస్తుంది. కానీ వాడి గురువు విద్య నేర్పేటప్పుడు ఒక ఒట్టు పెట్టించుకున్నాడు. 'అంగడి పెడితే, కొన్నవాడు చాలు అనేదాకా కొసరు వెయ్యి. వెయ్యకపోయావో, విద్యంతా బూడిద.' అందుకే వాడు ఎవడూ కొనలేని ధర చెబుతాడు. కొంటేగా కొసరడిగేది!"

సోమదేవుడు అంగడికి వెళ్ళాడు. గండదంష్ట్రుడు తాటిచెట్టంత త్రాసు ముందు కూర్చున్నాడు. ఒక్కో కోర రోకలంత. పక్కన పంజరం, అందులో ఈకలు రాలిన చిలక. సోమదేవుడు దాని వంక చూడలేదు. మొదటి మాట గుర్తుంది.

"చిటికెడు ఉప్పు ఎంత?"

"సగం రాజ్యం."

"అమ్మో! ఉప్పులో తడి కూడా ఉంది. వద్దులెండి," అని వెనుదిరిగి నడిచాడు. రెండో మాట గుర్తుంది.

పన్నెండేళ్ళుగా బేరం లేని అంగడి అది. అంగడివాడు మాంత్రికుడైనా, వెళ్ళిపోయే బేరం వీపు చూస్తే చేతులు ఊరుకుంటాయా? "ఇదిగో అబ్బాయ్, వంద గుర్రాలు!" సోమదేవుడు ఆగలేదు. "పది గుర్రాలు!" ఆగలేదు. "ఆ వేలి ఉంగరం! ఇక దిగను!"

సోమదేవుడు తిరిగి వచ్చి, ఉంగరం ఇచ్చి, ఉప్పు పొట్లం కట్టించుకున్నాడు. అంగడి ముందు చతికిలబడ్డాడు. మూడో మాట గుర్తుంది.

"కొసరు వెయ్యండి."

గండదంష్ట్రుడి మొహం మాడిన పెనంలా అయింది. ఒక ఉప్పురాయి విసిరాడు.

"ఇంకొంత," అన్నాడు సోమదేవుడు.

గుప్పెడు వేశాడు. "ఇంకొంత." చేటెడు వేశాడు. "ఇంకొంత." రాత్రి గడిచింది, పగలు గడిచింది. మాంత్రికుడు కోరలు చూపాడు, కొండలు కదిలించాడు, మీద పిడుగు వేశాడు. గురవమ్మ తిట్లు తిన్నవాడికి పిడుగొక లెక్కా? చేత్తో దులుపుకుని "ఇంకొంత," అన్నాడు.

రెండో రోజున "ఈ బస్తా పట్టుకుపో!" అని ఉప్పుబస్తా తోశాడు. అది నేలకు తగలగానే భీమదేవుడై లేచింది. "ఇంకొంత," అన్నాడు సోమదేవుడు. మూడో రోజున "ఈ దిమ్మె తగలేసుకో!" అని బెల్లందిమ్మె దొర్లించాడు. అది కామదేవుడై లేచింది. చెవి అంచు చీమలు కొరికేశాయి, ఇప్పటికీ ఆ చెవి చిన్నదే.

"ఇంకొంత."

గండదంష్ట్రుడు జుట్టు పీక్కున్నాడు. "ఓరి నీ కొసరు కాలా! ఈ అంగట్లో నీకేం కావాలో నువ్వే తీసుకో. ఇచ్చాను, ఇచ్చాను, ఇచ్చాను! నా ప్రాణం తోడకు!"

అప్పుడు, పిల్లలూ, అప్పుడు మొదటిసారి సోమదేవుడు పంజరం వైపు తిరిగాడు. తలుపు తీసి, మూడో మూట విప్పి, శనగలు అరచేతిలో పోసి చాచాడు. చిలక బయటికి వచ్చి చేతిమీద వాలింది. ఒక శనగ తింది. రెండోది తింది. మూడోది తిని భుజమెక్కింది.

"ఇక చాలు," అన్నాడు సోమదేవుడు.

"దాని మెడ నులుమురా! వీడి పీడ పోతుంది," అని అరిచాడు భీమదేవుడు.

"పన్నెండేళ్ళు పస్తున్న ప్రాణం అన్నయ్యా, దాన్నెలా చంపను? దానికి వాడు నేర్పింది ఒక్కటే మాట. మనం ఇంకో మాట నేర్పుదాం." శనగ చూపించి, "కొసరు, అను," అన్నాడు.

"కొసరు!" అంది చిలక.

ఏం చెప్పమంటారు! కందిపప్పు మబ్బులా లేచింది. మిరియాలు మిడతల దండులా లేచాయి. నూనె కాలవై ఆకాశాన పారింది. ఎవరింటి సరుకు వాళ్ళింటికి దారి పట్టింది. మాంత్రికుడి కోరలు ఊడి, నడుముకు గోచిగుడ్డ చుట్టుకున్న ముసలివాడు మిగిలాడు. తన ప్రాణం ఎక్కడుంటే అక్కడికే కదా వెళ్ళాలి? చిలక వెంట వాడూ తాబేలెక్కాడు.

నలభై ఒకటో రోజు తెల్లవారింది. సత్రం ముందు ఆకులు వేసుకుని జనం కూర్చున్నారు. తాయారు కుండ బోర్లించింది, తట్టింది. ఏమీ రాలలేదు. ఎసరు మాత్రం కాగుతోంది. ఆమె కొంగు ముడి విప్పి, ఆ ఒక్క ఆవగింజను చేతిలోకి తీసుకుని, "ఊరికే కాగే ఎసరు కంటే పోపు వాసనైనా మేలు," అని మూకుట్లో వేసింది.

గింజ చిటపటమంది. ఆ చప్పుడుకు జవాబన్నట్టు కప్పు మీద చిటపట, చిటపట. బియ్యం వాన! గుమ్మంలో సోమదేవుడు. చేతిలో చిటికెడు ఉప్పు పొట్లం.

"ఆలస్యమైందా తాయారూ?"

"లేదండీ. చారులో ఉప్పు ఇంకా వెయ్యలేదు," అంది.

ఆ ఉప్పే వేసింది. పొయ్యి ఆరలేదు. ఆ మాసంలోనే పెళ్ళి. రాజుగారు సింహాసనం చిన్నకొడుక్కిచ్చి, కోడలి అటకమీది కుండకు నమస్కారం పెట్టారు. అన్నలిద్దరూ పందిట్లో వడ్డన చేశారు. వంటింటి కుందేలని మళ్ళీ అంటే ఒట్టు. గండదంష్ట్రుడు సత్రంలో పిండి దంచుతూ, అడిగినవాడికీ అడగనివాడికీ కొసరు వేస్తూ బతికాడు. సోమదేవుడూ తాయారూ నూట ఎనిమిదేళ్ళు ఏలారు. రోజూ తెల్లవారుజామున చిలక కోటగుమ్మటం ఎక్కి "కొసరు!" అని అరిచేది, సంతలో త్రాసులన్నీ కొని ఇంటికెళ్ళేవాళ్ళ వైపే ఒరిగేవి.

ఏమిటా గుసగుసలు? సాక్షి కావాలా? ఉంది. నిండుగాదెపురం సంతలో మూడో వరుస, ఎడమచేతి వైపు. పెళ్ళి పోపుకు తాయారు బుట్టెడు ఆవాలు కొంటే, కొసరుగా రెండు బుట్టలు వేసి, "నా గింజే కదే అమ్మాయీ, పొయ్యి నిలబెట్టింది" అని మురిసిపోయిన మనిషి ఇంకా అక్కడే కూర్చుని ఉంది. వెళ్ళి ఏదైనా కొని, కొసరడిగి చూడండి. పేరు మరిచిపోరుగా: ఆవాల గురవమ్మ.